ఉపవాసం ఉంటే కణాలు శుభ్రమై వయసు తగ్గుతుందా? నోబెల్ పేరుతో తిరుగుతున్న సందేశం గురించి

వాసు, కొత్తపేట | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు. చాలాకాలంగా మధుమేహం ఉంది. ఈమధ్య వాట్సాప్‌లో ఆయనకు ఒక సందేశం వచ్చింది. జపాన్ శాస్త్రవేత్తకు ఉపవాసం మీద నోబెల్ బహుమతి వచ్చిందట. 72 గంటలు ఏమీ తినకపోతే శరీరం తనలోని ముసలి కణాలను, క్యాన్సర్ కణాలను తానే తినేసి కొత్తగా తయారవుతుందట. అది చదివినప్పటి నుంచి వారానికోసారి శనివారం రాత్రి భోంచేసి మళ్లీ సోమవారం పొద్దున్నే తింటున్నారు. ఇక మూడు రోజులకు పెంచుతానంటున్నారు. వద్దంటే, "నోబెల్ ఇచ్చినవాళ్లకంటే నీకెక్కువ తెలుసా?" అని నోరు మూయిస్తున్నారు.

ఆ సందేశంలో నిజం పాలెంత? అసలు కణాలు తమను తాము శుభ్రం చేసుకోవడానికీ ముసలితనానికీ సంబంధం ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఉల్లిదోసె | రాత్రి 9:20

ఆ సందేశం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో శివరాత్రికి ఒకసారి, కార్తీకమాసానికి ఒకసారి తప్పకుండా వస్తుంది. పంపినవాళ్లలో 72 గంటలు కడుపు మాడ్చుకున్నవాళ్లు మాత్రం ఇంతవరకు నాకు కనబడలేదు.

నాడి | రాత్రి 9:31

వాసు గారూ, సిద్ధాంతం తర్వాత మాట్లాడుకుందాం. నాన్నగారు వాడే మాత్రల పేర్లు చెప్పండి. ఇన్సులిన్ తీసుకుంటున్నారా?

వాసు, కొత్తపేట | రాత్రి 9:38

ఇన్సులిన్ లేదండీ. ఉదయం గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఒకటి. ఇటీవల డాపాగ్లిఫ్లోజిన్ కూడా రాశారు. పస్తున్న రోజు కూడా మాత్రలు మానరు. "మందు దారి మందుదే, ఉపవాసం దారి ఉపవాసానిదే" అంటారు.

నాడి | రాత్రి 9:52

నేను భయపడింది దీని గురించే. గ్లిమెపిరైడ్ పని క్లోమం నుంచి ఇన్సులిన్‌ను బయటికి నెట్టడం. మీరు తిన్నారా, పస్తున్నారా అని అది చూడదు. ఆదివారం ఉదయం ఖాళీ కడుపుతో ఆ మాత్ర వేసుకుంటే మధ్యాహ్నానికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు, ఆ తర్వాత స్పృహ తప్పడం. పెద్దవయసువారిలో కొందరికి ముందు లక్షణాలేవీ కనబడవు, నేరుగా తికమకపడి పడిపోతారు.

డాపాగ్లిఫ్లోజిన్ సంగతి వేరు. అది మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపుతుంది. దాని మీద ఉంటూ రోజులకు రోజులు తినకపోతే రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుపోవచ్చు. ఇందులో మోసం ఏమిటంటే, అప్పుడు గ్లూకోమీటరులో చక్కెర మరీ ఎక్కువగా ఉండకపోవచ్చు, "అంతా బాగానే ఉంది" అనిపిస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మూడు రోజుల ఆలోచన వెంటనే ఆపించండి. అలాగని మాత్రలు మీ అంతట మీరు మానిపించవద్దు. మందు రాసిన డాక్టరుతో రేపే మాట్లాడండి. నోబెల్ గురించి చెప్పగలిగినవాళ్లు ఇక్కడ వేరే ఉన్నారు.

కణభాష | రాత్రి 10:47

నేను ఈస్ట్ కణాల మీద పనిచేసే ప్రయోగశాలలో ఉంటాను కాబట్టి ఈ భాగం నాకు వదిలేయండి.

2016లో వైద్యశాస్త్ర నోబెల్ యోషినోరి ఓసుమికి వచ్చిన మాట నిజం. అయితే ఆయన ఏ మనిషినీ పస్తు ఉంచలేదు. ఆయన పస్తు పెట్టింది ఈస్ట్‌ను, మనం బ్రెడ్డులో వాడే ఆ ఏకకణ జీవినే. 1988లో టోక్యో విశ్వవిద్యాలయంలో సొంత ప్రయోగశాల దొరికినప్పుడు, అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఈస్ట్ రిక్తికను ఆయన ఎంచుకున్నారు. కణంలో పనికిరానివన్నీ చేరి అరిగిపోయే గది అది. మన కణాల్లో ఆ పని చేసేది లైసోజోమ్. లోపల బలమైన ఆమ్లం, ప్రోటీన్లనూ కొవ్వులనూ ముక్కలు చేసే పదుల రకాల ఎంజైములు.

చిక్కేమిటంటే ఆ గదిలోకి ఏం వెళ్లినా క్షణాల్లో కరిగిపోతుంది, చూసేందుకు ఏమీ మిగలదు. అందుకని ఓసుమి అరిగించే ఎంజైములు పనిచేయని ఈస్ట్ రకాన్ని తీసుకుని నైట్రోజన్ లేని ద్రవంలో పెట్టారు. కొద్ది గంటల్లో రిక్తిక నిండా చిన్న చిన్న గుండ్రని కణికలు, అరగక, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎడతెగకుండా కదులుతూ కనిపించాయి. మామూలు కాంతి సూక్ష్మదర్శినిలోనే! ప్రయోగశాలలో నేనూ ఆ స్లయిడును చూశాను. కణం లోపల ఇంత హడావుడి ఉంటుందా అనిపిస్తుంది. ఆ కణిక ఒక్కొక్కటీ కణం తన సొంత భాగాలను మూటకట్టి అరగడానికి పంపిన సంచి. ఈ పనినే ఆటోఫజీ అంటారు. ఆ పేరు 1963లోనే క్రిస్టియన్ డి డ్యూవ్ పెట్టారు. లైసోజోమ్‌ను కనిపెట్టింది కూడా ఆయనే.

ఆ తర్వాత ఓసుమి బృందం ఆ కణికలు ఏర్పడని ఈస్ట్ మ్యూటెంట్ల కోసం, అంటే జన్యువు మారిన రకాల కోసం, వెతికింది. 1993 నాటికి ఈ పనికి అవసరమైన 15 జన్యువులు లెక్కతేలాయి. వాటిలో చాలావాటికి సమానమైనవి మనలోనూ ఉన్నాయి. నోబెల్ వచ్చింది ఈ యంత్రాంగాన్ని విప్పి చూపినందుకు. 72 గంటలు అన్న అంకె ఆ పనిలో ఎక్కడా లేదు.

ఇక క్యాన్సర్ కణాలను తినడం. ఆటోఫజీలో కణం తన లోపలి భాగాలనే అరిగించుకుంటుంది, పక్క కణం జోలికి పోదు. పైగా అప్పటికే పెరిగిన కణితికి ఆహారం అందనప్పుడు అదే ఆటోఫజీ దాన్ని బతికించవచ్చు. అందుకే కొన్ని క్యాన్సర్లలో ఆటోఫజీని ఆపే మందులు పరీక్షిస్తున్నారు. సందేశం రాసిన మహానుభావుడు ఈ సగం వదిలేశాడు.

పెన్నాతీరం | సోమవారం ఉదయం 6:15

కణభాష గారు చక్కగా చెప్పారు. వాసు అడిగిన రెండో ప్రశ్న మిగిలింది. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, నోరు ఊరుకోదు.

సంబంధం ఉంది, అదీ గట్టిగా ఉంది. వయసు పైబడేకొద్దీ కణాల్లో ఈ శుభ్రత తగ్గుతుంది. సన్నటి నులిపురుగు ఒకదానిలో డాఫ్-2 అనే జన్యువును బలహీనపరిస్తే దాని ఆయుష్షు రెట్టింపు అవుతుందని 1993లో సింథియా కెన్యన్ బృందం చూపింది. పదేళ్ల తర్వాత, 2003లో, బెత్ లెవీన్ బృందం అదే పురుగులో ఆటోఫజీకి కావలసిన జన్యువును అణచి చూసింది. పెరగాల్సిన ఆయుష్షు పెరగకుండా పోయింది. అంటే ఆ దీర్ఘాయువుకు ఈ శుభ్రత పని తప్పనిసరి.

చిట్టెలుకల విషయం చూడండి. 2006లో జపాన్‌లో రెండు బృందాలు మెదడు కణాల్లో మాత్రం ఆటోఫజీ జన్యువులను తీసేశాయి. వేరే ఏ జబ్బు జన్యువూ పెట్టలేదు. అయినా నాడీకణాల్లో ప్రోటీన్ ముద్దలు పేరుకున్నాయి, ఎలుకలు నడవడానికి తడబడ్డాయి, నాడీకణాలు చచ్చిపోయాయి. చర్మ కణమైతే విభజన చెంది చెత్తను ఇద్దరు పిల్లలకు పంచేస్తుంది. నాడీకణానికి ఆ వీలు లేదు, మీరు పుట్టినప్పటి కణమే ఇప్పుడూ ఉంది. పార్కిన్సన్స్, అల్జీమర్స్ వంటి జబ్బుల చర్చలో ఈ మాట పదే పదే రావడానికి కారణం ఇదే.

పనిని పెంచి చూసినవాళ్లూ ఉన్నారు. ఒక ఆటోఫజీ జన్యువు పని పెంచిన చిట్టెలుకలు మామూలు వాటికంటే సగటున 17 శాతం ఎక్కువ కాలం బతికాయని 2013లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు ప్రచురించారు. 2018లో లెవీన్ బృందం ఆటోఫజీకి ఉన్న ఒక బ్రేకును పుట్టుకతోనే సడలించి, ఆయుష్షు పెరగడం, గుండె, మూత్రపిండాలు తక్కువగా ముదరడం చూపింది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ ఎలుకలు పుట్టుకతోనే అలా తయారైనవి. 68 ఏళ్లకు మొదలుపెట్టినవి కావు.

శాంతమ్మ వంటిల్లు | సోమవారం ఉదయం 10:05

మాస్టారూ, నా సందేహం చిన్నది. మా ఇంట్లో ఏకాదశికి ఉపవాసమే. ఉపవాసమంటే పాలు, అరటిపళ్లు, సాయంత్రం సగ్గుబియ్యం ఉప్మా, వేయించిన పల్లీలు. శనివారం ఒంటిపూట భోజనం చేసి రాత్రికి ఇడ్లీనో ఉప్మానో. మరి దీనితో కణాలు శుభ్రమవుతాయా? అత్తగారి కాలం నుంచి చేస్తున్నది, మానమంటే మానను, తెలుసుకుందామని అడుగుతున్నాను.

కణభాష | సోమవారం మధ్యాహ్నం 1:30

శాంతమ్మ గారూ, మానవద్దు. అయితే ఆటోఫజీ లెక్కలో చూస్తే ఆ ఉపవాసం మామూలు రోజుకు పెద్ద దూరంలో లేదు.

కణంలో ఎంటార్ అనే ప్రోటీన్ ఉంటుంది. పాలలోని, పల్లీల్లోని అమైనో ఆమ్లాలు, సగ్గుబియ్యం తిన్నాక పెరిగే ఇన్సులిన్, ఇవి అందగానే అది చురుకవుతుంది, కణం కొత్తవి కట్టే పనిలోకి దిగుతుంది, శుభ్రత పని తగ్గుతుంది. తిండి లేనప్పుడు ఎంటార్ నెమ్మదిస్తుంది, క్లోమం వదిలే గ్లూకగాన్ అనే హార్మోను పెరుగుతుంది, శుభ్రత జోరందుకుంటుంది. 1962లోనే యాష్‌ఫర్డ్, పోర్టర్ అనే ఇద్దరు ఎలుక కాలేయానికి గ్లూకగాన్ అందించి చూస్తే, లైసోజోముల్లో సగం అరిగిన మైటోకాండ్రియా (కణానికి శక్తి తయారుచేసే భాగాలు) ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనిపించాయి.

అయితే ఇది స్విచ్చు వేసినట్టు ఫలానా గంటకు మొదలయ్యేది కాదు. పూర్తిగా ఆగిపోయేదీ కాదు. రాత్రి భోజనానికీ పొద్దుటి టిఫినుకూ మధ్య కూడా అందరిలోనూ కొంత జరుగుతూనే ఉంటుంది. 16 గంటలకు మొదలు, 24కు రెట్టింపు, 72కు పూర్తి శుభ్రత అని గీసిన పట్టికలకు మనుషుల్లో ఆధారం లేదు. మామూలు ల్యాబులో మీ ఆటోఫజీ ఇంత అని చెప్పే రక్తపరీక్ష కూడా లేదు.

ఉల్లిదోసె | సోమవారం మధ్యాహ్నం 1:41

మా జిమ్ములో కుర్రాడు "నాకు ఇప్పుడే ఆటోఫజీ మొదలైంది" అని ప్రకటిస్తాడు. ఎలా తెలిసిందంటే యాప్ గంట కొట్టిందట.

సియాటిల్ చినుకు | సోమవారం రాత్రి 8:20

ఇక్కడ మా పరిచయస్తుల్లో కొందరు పస్తులు మానేసి ఏకంగా మాత్రకు దిగారు, రాపమైసిన్. ఎంటార్‌ను అణిచేది అదే కదా? వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ల కుక్కల వృద్ధాప్య పరిశోధనలో పెంపుడు కుక్కలకు ఇచ్చి చూస్తున్నారు. మనుషులు వేసుకుంటే తప్పేమిటి?

పెన్నాతీరం | సోమవారం రాత్రి 9:05

రాపమైసిన్ కథలో మనవాడొకడున్నాడు, చెప్పకుండా ఉండలేను. ఈస్టర్ ద్వీపం మట్టిలోని బాక్టీరియా నుంచి దాన్ని వేరుచేసింది మాంట్రియల్‌లోని ఆయెర్స్ట్ కంపెనీ బృందం. దానికి నాయకుడు సురేంద్రనాథ్ సెహ్‌గల్, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివినవాడు. ద్వీపం స్థానిక పేరు రాపా నుయ్, మందు పేరు అక్కడి నుంచే వచ్చింది. మొదట శిలీంధ్రాలను చంపే మందుగా చూశారు. చివరికి 1999లో అమెరికాలో అనుమతి దొరికింది మార్పిడి చేసిన మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించకుండా చూసే మందుగా. ఎంటార్ అన్న ప్రోటీన్ బయటపడింది కూడా ఈ మందు దేనికి అతుక్కుంటుందో వెతకబోయే. ఎంటార్‌లో "టార్" అంటే రాపమైసిన్ గురి అనే.

2009లో అమెరికాలో మూడు ప్రయోగశాలలు ఒకేసారి 600 రోజుల వయసున్న చిట్టెలుకలకు దీన్ని తిండిలో కలిపి పెట్టాయి. మనిషి లెక్కలో సుమారు అరవై. మొదట అంత ఆలస్యంగా మొదలుపెట్టాలనుకోలేదట, మందు చెడిపోకుండా పేగు దాకా చేరేలా తయారుచేయడానికే సమయం పట్టింది! అయినా ఆడవాటిలో గరిష్ఠ ఆయుష్షు 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. ముసలితనంలో మొదలుపెట్టినా పనిచేసిన మందు కాబట్టే ఇంత సందడి.

నాడి | సోమవారం రాత్రి 9:40

ఇక మిగతా సగం. ఇది రోగనిరోధక శక్తిని అణిచే మందు. నోటిపూత, కొలెస్ట్రాల్ పెరగడం, గాయాలు త్వరగా మానకపోవడం, రక్తంలో చక్కెర పెరగడం, ఇవన్నీ తెలిసిన దుష్ఫలితాలే. మనుషుల ఆయుష్షును పెంచుతుందని తేల్చిన పరీక్ష ఒక్కటీ లేదు. వాసు గారి నాన్నగారికి దీని పేరు చెప్పకండి, దయచేసి.

వాసు, కొత్తపేట | మంగళవారం ఉదయం 7:50

ఆలస్యమైంది డాక్టరుగారూ. చర్చ మొత్తం ప్రింటు తీసి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని పెన్నుతో గీతలు గీస్తూ చదివారు. కింది ప్రశ్నలు ఆయన చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను.

"అయ్యా, అందరికీ నమస్కారాలు. మూడు రోజుల ఉపవాసం సంగతి ప్రస్తుతానికి ఆపాను. మాత్రల గురించి చెప్పిన డాక్టరుగారికి కృతజ్ఞతలు. కానీ నా వాదన నాకుంది. ఒకటి, ఎలుకల మీద చేసినవి మనుషులకు చెల్లవంటారు. మీరిచ్చే మందులన్నీ ఎలుకల దగ్గరే మొదలవుతాయి కదా? రెండు, వయసుతో శుభ్రత తగ్గుతుందని మీరే అంటున్నారు. తగ్గినదాన్ని పస్తుతో పెంచుకుంటే తప్పెలా అవుతుంది?"

పెన్నాతీరం | మంగళవారం ఉదయం 9:10

వాసు నాన్నగారూ, నమస్కారం. మీలాంటి విద్యార్థి తరగతిలో ఒక్కడున్నా చాలు, పాఠం బాగుంటుంది.

ఎలుక దగ్గర మొదలవడం వేరు, అక్కడే ఆగిపోవడం వేరు. ఒక్కరోజు పస్తుకే చిట్టెలుక తన బరువులో పదో వంతుకు పైగా కోల్పోతుంది. దాని ఒక రోజు పస్తు మనకు చాలా రోజుల పస్తుతో సమానం. ఎలుక నుంచి పైకి వెళ్లి కోతులను అడిగారు. రీసస్ కోతులకు తిండి సుమారు 30 శాతం తగ్గించి దశాబ్దాల పాటు చూశారు. విస్కాన్సిన్‌లో చేసినవాళ్లు మేలు ఉందని 2009లో అన్నారు. అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ వాళ్లు 2012లో ఆయుష్షులో తేడా లేదన్నారు. ఇద్దరూ కలిసి 2017లో కూర్చుని లెక్కలు సరిచూస్తే ఒక కారణం తిండిలోనే దొరికింది. విస్కాన్సిన్ కోతుల ఆహారంలో చక్కెర 28 శాతం పైగా ఉంది, రెండోచోట 4 శాతం లోపే. చక్కెర దట్టించిన తిండిని తగ్గిస్తే మేలు కనబడటంలో వింత లేదు.

మనుషుల్లో క్యాలరీ అని ఒక పరీక్ష జరిగింది. లావు లేని, ఆరోగ్యంగా ఉన్న 21 నుంచి 50 ఏళ్ల వారికి రెండేళ్ల పాటు తిండి 25 శాతం తగ్గించమన్నారు. అంత కట్టుదిట్టంగా చూసుకున్నా వాళ్లు తగ్గించగలిగింది సుమారు 12 శాతం. డీఎన్ఏ మీది గుర్తులతో వయసు వేగాన్ని కొలిచే ఒక పద్ధతిలో 2, 3 శాతం నెమ్మదించినట్టు కనబడింది, మరో రెండు పద్ధతుల్లో ఏమీ కనబడలేదు. అది కూడా రోజూ కాస్త తక్కువ తినడం వల్ల, రోజుల తరబడి పస్తు వల్ల కాదు. మధుమేహం ఉన్న 68 ఏళ్ల మనిషి ఆ పరీక్షలో ఒక్కరూ లేరు.

కణభాష | మంగళవారం మధ్యాహ్నం 2:25

రెండో ప్రశ్నకు నేను. ఈ చర్చలో వచ్చినవాటిలో ఇది అన్నిటికంటే మంచి ప్రశ్న అనుకుంటున్నాను.

వయసుతో తగ్గేది ఎక్కడ తగ్గుతుందన్నదే అసలు విషయం. శుభ్రతలో రెండు మెట్లున్నాయి: చెత్తను సంచిలో కట్టడం, ఆ సంచి లైసోజోమ్‌తో కలిసి లోపలిది అరగడం. వయసు పైబడిన చాలా కణాల్లో దెబ్బతినేది రెండో మెట్టు. లైసోజోమ్‌లో ఆమ్లం పలచబడుతుంది, ఎంజైములు మందగిస్తాయి, సగం అరిగిన సంచులు వరుస కడతాయి. డంపింగ్ యార్డు నిండిపోయి లారీలు బయట రోడ్డు మీదే నిలిచిపోయాయనుకోండి. అప్పుడు ఇంటింటికీ తిరిగి ఇంకా ఎక్కువ చెత్త సేకరించమని ఆదేశిస్తే ఏమవుతుంది? పస్తు చేసేది ప్రధానంగా సేకరణ పెంచడం.

ఇది ఊహ కాదు. జర్మనీలో 2017లో ముసలి నులిపురుగుల్లో సంచి కట్టే తొలి జన్యువులను అణిచారు. పురుగులు త్వరగా చావాలి కదా, ఎక్కువ కాలం బతికాయి! ఆఖరి మెట్టు జన్యువులను అణిస్తే మాత్రం ఆ మేలు రాలేదు. వయసులో ఉన్నప్పుడు అదే జన్యువులు అత్యవసరం. 2022లో రాల్ఫ్ నిక్సన్ బృందం అల్జీమర్స్ లాంటి జబ్బు వచ్చేలా తయారుచేసిన ఎలుకల మెదళ్లలో చూసింది కూడా ఇలాంటిదే: లైసోజోముల్లో ఆమ్లం తగ్గిన నాడీకణాలు అరగని సంచులతో ఉబ్బి, కేంద్రకం చుట్టూ పూరేకుల ఆకారంలో బుడిపెలు తేలాయి.

ఇదంతా కలిపితే నా అభిప్రాయం ఇది. ఆటోఫజీని "పెంచాలి" అన్న మాటే అసంపూర్ణం. ముసలి కణానికి ముందు కావలసింది అరిగించే శక్తి. దాన్ని బాగుచేసే దారుల మీద ఆశ ఉంది. ఆనా మరియా క్వెర్వో బృందం 2008లో ముసలి ఎలుకల కాలేయంలో, ప్రోటీన్లను లైసోజోమ్‌లోకి తీసుకెళ్లే ఒక ద్వారం ప్రోటీన్ వయసుతో తగ్గకుండా చూస్తే, ఆ కాలేయం పడుచు ఎలుకల కాలేయం స్థాయిలో పనిచేసింది. అది జన్యుమార్పిడితో జరిగిన పని, కడుపు మాడ్చి కాదు.

నాడి | మంగళవారం సాయంత్రం 4:00

అరగని చెత్తను మేం కళ్లారా చూస్తాం. వైద్య విద్యార్థిగా పాథాలజీలో వృద్ధుల గుండె కండరం స్లయిడు చూపిస్తారు. గులాబీ రంగు కండర కణం, మధ్యలో ఊదా కేంద్రకం, దాని రెండు కొసల దగ్గర పసుపు కలిసిన గోధుమరంగు రేణువుల పోగు. లిపోఫ్యూసిన్ అంటారు. లైసోజోమ్ అరిగించలేక మిగిల్చుకున్నదే అది. పసిపిల్లల గుండెలో ఉండదు.

గోరింట | మంగళవారం సాయంత్రం 5:15

ఎప్పుడూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఈరోజు అడగాల్సి వచ్చింది. మా అమ్మ కీళ్లవాతానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతోంది. అది లైసోజోమ్ ఆమ్లాన్ని తగ్గిస్తుందని ఎక్కడో చదివాను. అంటే అమ్మకు ముసలితనం త్వరగా వస్తుందా?

నాడి | మంగళవారం సాయంత్రం 5:50

ఆమ్లాన్ని తగ్గించే మాట నిజమే. పైన కణభాష గారు చెప్పిన క్యాన్సర్ పరీక్షల్లో వాడుతున్నదీ ప్రధానంగా ఈ మందే. కానీ కీళ్లవాతానికి ఇచ్చే మోతాదులో వాడినవారు త్వరగా ముదిరిపోతారనడానికి ఆధారం లేదమ్మా. అదుపులో లేని కీళ్లవాతం గుండెకూ రక్తనాళాలకూ చేసే చెరుపు మాత్రం రుజువైనది. మందు మాన్పించవద్దు. ఏళ్ల తరబడి వాడితే కంటి రెటీనా మీద ప్రభావం ఉండవచ్చు కాబట్టి డాక్టరు చెప్పినట్టు కంటి పరీక్షలు చేయించండి.

వాసు, కొత్తపేట | మంగళవారం రాత్రి 9:30

నాన్న మాటలు:

"లారీల సంగతి అర్థమైంది. కరెంటు ఆఫీసులో ముప్ఫై ఏళ్లు పనిచేసినవాణ్ణి, లోడు తీసుకోలేని లైను మీద సరఫరా పెంచకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు. మరి నేను చేయగలిగింది ఏమీ లేదా? చేతులు కట్టుకుని కూర్చోమంటారా?"

కణభాష | మంగళవారం రాత్రి 10:10

నడవండి బాబాయి గారూ. ఓదార్పుకు చెబుతున్న మాట కాదు. 2012లో లెవీన్ బృందం చిట్టెలుకలను ట్రెడ్‌మిల్లు మీద పరుగెత్తిస్తే కొద్దిసేపట్లోనే గుండెలో, కండరాల్లో ఆటోఫజీ పెరిగింది. ఆ తర్వాత, అవసరానికి ఆటోఫజీని పెంచుకోలేని రకం ఎలుకలకు కొవ్వు తిండి పెట్టి అదే వ్యాయామం చేయించారు. మామూలు ఎలుకలకు వ్యాయామంతో చక్కెర అదుపులోకి వచ్చింది, వీటికి రాలేదు. మధుమేహానికి నడక చేసే మేలులో ఈ శుభ్రతకు వాటా ఉందన్నమాట, ఎలుకల్లోనైనా. మనిషికి నడక మేలని చెప్పడానికి ఎలుకలు అక్కరలేదు కూడా.

నాడి | మంగళవారం రాత్రి 10:32

నడక ఒక్కటే చాలదు. అరవై దాటాక కండరం కరగడం పెద్ద సమస్య, పొడవాటి పస్తులు దాన్ని ఇంకా కరిగిస్తాయి. వారానికి రెండుసార్లు బరువులతోనో రబ్బరు పట్టీలతోనో వ్యాయామం, పూటపూటకూ పప్పు, పెరుగు, గుడ్డు తినే అలవాటుంటే గుడ్డు. మూత్రపిండాల పరీక్ష చూసి ఎంత తినాలో మీ డాక్టరు చెబుతారు. గ్లిమెపిరైడ్ మీద ఉన్నారు కాబట్టి నడిచేటప్పుడు జేబులో చక్కెర బిళ్లలు పెట్టుకోండి. రాత్రి భోజనం త్వరగా ముగించి పొద్దుటిదాకా ఏమీ తినకుండా ఉండటానికి నా అభ్యంతరం లేదు. మొదటి కొద్ది రోజులు తెల్లవారుజామున ఒకసారి చక్కెర చూసుకోండి.

వాసు, కొత్తపేట | బుధవారం ఉదయం 8:05

డాక్టరు దగ్గర ఎల్లుండికి సమయం తీసుకున్నాం. మాత్రల గురించి ఆయనే నిర్ణయిస్తారు. నాన్న ఇంకొకటి రాయమంటున్నారు: "తొలి ఏకాదశి మాత్రం వదలను. పాలూ పళ్లతో ఉంటాను. ఆ రోజు గ్లిమెపిరైడ్ వేసుకోవాలా వద్దా అని ఎల్లుండే అడిగి ఇక్కడ రాయిస్తాను."

శాంతమ్మ వంటిల్లు | బుధవారం ఉదయం 8:40

అన్నయ్య గారికి సగ్గుబియ్యం ఉప్మా చెప్పకండి వాసూ, చక్కెర ఎగిరి కూర్చుంటుంది. పళ్లలో జామకాయ ఇవ్వండి. మజ్జిగ పల్చగా చేసి రెండు మూడుసార్లు ఇవ్వండి.